ఒక్క విరుపుతో లేచి నిలబడ్డ మనిషి

పట్టేసిన మెడా నడుమూ చేత్తో సరిచేసే వెన్ను డాక్టరమ్మ క్లినిక్ మధ్యాహ్నం మూస్తే మళ్ళీ సాయంత్రమే తెరుస్తారు. ఆ మధ్యలో వచ్చిన కొత్త పేషెంట్లు పక్కనున్న టీ కొట్టు బెంచీల మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. అలా కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, లిఫ్టు బాబాయ్ నోటికి చిక్కాల్సిందే.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన లిఫ్టులు బాగుచేశాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి లోపల మనుషులు ఏడుస్తుంటే, ఒక చేత్తో స్పానర్ తిప్పుతూ, తలుపు సందులోంచి వాళ్ళకి కథలు చెప్పేవాడు. కథలో పడితే మనిషి భయం మర్చిపోతాడు. కథ ఎంత పెద్దదైతే అంత మంచిది. అలా అలవాటైన నోరు ఉద్యోగం అయిపోయాక ఊరుకోలేదు. ఇంట్లో చెబుదామంటే ఆవిడ, "ఆ కథలో నేనూ ఉన్నానండీ, ఏం జరిగిందో నాకు తెలుసు" అంటూ గిన్నెలు సర్దుకోవడానికి లేచిపోతుంది. అందుకని భోంచేసి, చొక్కా మార్చుకుని, టీ కొట్టుకి వచ్చేస్తాడు.

ఆయన కోతలకి ఒక పద్ధతుంది. నవ్వడు. కోత పెరిగేకొద్దీ మొహం గంభీరంగా పెడతాడు, గొంతు తగ్గిస్తాడు, చావు కబురు చెప్పినంత నిదానంగా చెబుతాడు. అందుకే ఆయన సంగతి తెలిసినవాళ్ళు కూడా మధ్యలో ఎక్కడో ఒకచోట నమ్మేస్తారు.

ఆ రోజు బెంచీ మీద కొత్తవాళ్ళు ముగ్గురున్నారు. ఒకావిడ దర్జీ. మిషను మీద వంగి వంగి మెడ పట్టేసింది. తల పక్కకి తిప్పాలంటే నడుం దగ్గర్నుంచి మొత్తం మనిషే తిరగాల్సి వస్తోంది. రెండో ఆయనకి బేకరీ ఉంది. పొద్దున్నే పిండి బస్తాలు దించుకోవడం, పెద్ద పెద్ద ట్రేలు ఎత్తడం ఆయన పని. దిట్టమైన మనిషి. కానీ కూర్చోకుండా, కొట్టు ముందున్న ఇనప స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. మూడో అతను ఆయన బావమరిది. స్కూటర్ మీద తీసుకొచ్చింది అతనే.

"మా బావ మామూలోడు కాదండీ," అన్నాడు బావమరిది టీ తాగుతూ. "రెండు బస్తాలు రెండు భుజాల మీద వేసుకుని మెట్లెక్కేవాడు. ఇవాళేమో స్కూటర్ దిగడానికి నా మెడకాయ పట్టుకుని వేలాడాడు. మా అక్క చూసుంటే, పెళ్ళిలో కూడా నన్నింత గట్టిగా పట్టుకోలేదే అని కుళ్ళుకునేది."

అందరూ నవ్వారు. బేకరీ ఆయన కూడా పెదాలు కదిపాడు. టీ కొట్టావిడ గ్లాసు అందించబోతే, "వద్దమ్మా" అన్నాడు. కాసేపటికి క్లినిక్ పక్కనున్న మరుగుదొడ్డికి గోడ పట్టుకుని వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చి మళ్ళీ స్తంభం పట్టుకున్నాడు.

దర్జీ ఆవిడ భయం భయంగా అడిగింది. "ఈ డాక్టరమ్మ మెడ విరుస్తుందంటగా? టప్పుమని శబ్దం వస్తుందంట. అటూ ఇటూ అయితే నా గతేంటి? ఇద్దరు పిల్లలున్నారు నాకు."

లిఫ్టు బాబాయ్ అప్పటిదాకా మౌనంగా టీ చప్పరిస్తున్నాడు. గ్లాసు పక్కన పెట్టాడు. జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"అయిపోయింది. మొదలెట్టేశారు," అని టీ కొట్టావిడ స్టవ్ మంట తగ్గించింది.

"అమ్మా, నువ్వు కొత్తదానివి కాబట్టి చెబుతున్నాను," అన్నాడు బాబాయ్. "ఈవిడ చేతిలో పడ్డ మొదటి వెన్నుల్లో నాదొకటి. ఒకరోజు లిఫ్టు మోటారు మూత ఎత్తాను. పెద్ద బరువేం కాదు, రోజూ ఎత్తేదే. ఎత్తానో లేదో, నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. మర్నాడు ఇక్కడికొచ్చాను. బల్ల మీద పడుకోబెట్టింది. వేలితో పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చింది. ఒకచోట ఆగింది. ఊపిరి వదలండి అంది. వదిలాను. అంతే, టప్! లేచి నిలబడ్డాను."

"అంతేనా?" అంది దర్జీ ఆవిడ. ఆవిడ మొహంలో కాస్త తెరిపి కనిపించింది.

ఆ తెరిపి చూశాక బాబాయ్ ఆగలేకపోయాడు. మనుషుల మొహాల్లో భయం కరిగి అలా వెలుగు రావడం చూస్తే ఆయనకి ఎప్పుడూ ఒళ్ళు తెలియదు.

"అంతేనా అంటావేంటమ్మా, ఆ శబ్దం గురించి అడిగావు కదా, అది చెప్పనీ. ఆ టప్పు మామూలు టప్పు కాదు. ఈ కొట్టులో గ్లాసులు గలగలమన్నాయి. అడుగు కావాలంటే."

"గలగలమన్నాయో, నేనే కడుగుతున్నానో," అంది టీ కొట్టావిడ.

"ఎదురింటి వాళ్ళు టైరు పేలిందనుకుని బయటికొచ్చి స్కూటర్లు చూసుకున్నారు. సరే, లేచి నిలబడ్డానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్యాంటు పొట్టయిపోయింది! పొద్దున మడమల దాకా ఉన్న ప్యాంటు పిక్కల మీదికొచ్చేసింది. ఏళ్ళ తరబడి పూసలు ఒకదాని మీదొకటి కూరుకుపోయి ఉన్నాయి కదా, అన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. ఇంటికెళ్తే గుమ్మం తగిలి నుదురు బొప్పి కట్టింది. మా ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది."

బావమరిది పగలబడి నవ్వాడు. దర్జీ ఆవిడ నవ్వబోయి మెడ పట్టుకుంది. బాబాయ్ నవ్వలేదు.

"నవ్వండి, పరవాలేదు. నేనూ నమ్మలేదు. వెన్నంటే ఏంటనుకుంటున్నారు, లిఫ్టు తాడులాంటిది. శరీరంలో ప్రతి తీగా దాన్ని పట్టుకునే వేలాడుతుంది. రెండోసారి వచ్చినప్పుడు భుజాల మధ్య నొక్కింది. చిన్నప్పట్నుంచీ ఎడమ చెవి సరిగ్గా వినపడదు నాకు. టప్పుమనగానే వీధి చివర గడియారంలో ముల్లు కదలడం వినపడింది. ఇంకో పూస నొక్కింది. కళ్ళజోడు అవసరం లేకుండా పోయింది. ఇంకోటి నొక్కింది. ఎప్పుడో పారేసుకున్న ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తొచ్చింది."

"దొరికిందా అన్నయ్యా?" అంది టీ కొట్టావిడ.

"దొరక్కేం. కానీ తాళం మార్చేశాం అప్పటికే."

బేకరీ ఆయన నవ్వలేదు. స్తంభం వదిలి రెండడుగులు ముందుకొచ్చి, బాబాయ్ ఎదురుగా గోడకి ఆనుకున్నాడు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. బాబాయ్ అది గమనించాడు. బాగా వినేవాడు ఒక్కడు దొరికితే చాలు ఆయనకి. మిగతావాళ్ళని వదిలేసి అతనికేసి తిరిగాడు.

"అవన్నీ ఒకెత్తు అబ్బాయ్. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఒక వానాకాలం నడుం మళ్ళీ పట్టేసింది. ఈసారి అలా ఇలా కాదు. నడుం నొప్పి కాళ్ళలోకి దిగింది. ముందు ఒక కాల్లోకి, తర్వాత రెండిట్లోకి. దిగి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నొప్పి పోయింది! పోయిందని సంబరపడ్డాను. నొప్పితో పాటు కాళ్ళే పోయాయని అప్పుడు తెలీదు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ తగలట్లేదు. కూర్చునే చోటంతా మొద్దుబారిపోయింది. గిల్లుకుంటే ఎవరి తొడో గిల్లినట్టుంది."

"అయ్యో," అంది దర్జీ ఆవిడ.

"ఇంకా విను. ఒంటేలు బందు! ఆడవాళ్ళ ముందు చెప్పకూడదు గానీ, రోగం దగ్గర సిగ్గేంటి. పొద్దున వెళ్ళి నిలబడ్డాను, రాలేదు. మధ్యాహ్నం నిలబడ్డాను, రాలేదు. పొట్ట డప్పులా అయింది. అప్పటికి నా కాళ్ళు ఎవరో అద్దెకిచ్చిన కాళ్ళు. నలుగురు మనుషులు నన్ను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ఆ గుమ్మంలో దించారు. మా ఆవిడ ఒకటే ఏడుపు. ఊళ్ళో పెద్ద పెద్ద డాక్టర్లు చేతులెత్తేశారు. ఈవిడ వచ్చింది. ఒక్క మాట అడగలేదు. ఎక్స్‌రే లేదు, గిక్స్‌రే లేదు. నన్ను బోర్లా తిప్పి, నడుం కింద బొటనవేలు పెట్టింది. ఒక్క విరుపు. ఒకే ఒక్క విరుపు. ఎలాంటి శబ్దం వచ్చిందంటే, ఆకాశంలో ఉరిమిందనుకుని జనం డాబాల మీద బట్టలు తీసేశారు. వెన్నులోంచి వేడి సర్రున కాళ్ళలోకి దిగింది. లేచి నిలబడ్డాను. నిలబడి ఊరుకున్నానా? నన్ను మోసుకొచ్చిన కుర్చీ నెత్తిన పెట్టుకుని, మోసుకొచ్చినవాళ్ళ ముందే పరిగెత్తుకుంటూ వెళ్ళి, మా ఆఫీసు బిల్డింగు పై అంతస్తు దాకా మెట్ల మీదే ఎక్కేశాను. నేను లిఫ్టు ఎక్కనందుకు లిఫ్టు అలిగి ఆ రోజంతా పనిచెయ్యలేదు."

బావమరిది చప్పట్లు కొట్టాడు. టీ కొట్టావిడ, "వానాకాలంలో డాబాల మీద బట్టలెవరు ఆరేశారు అన్నయ్యా?" అంది. బాబాయ్ ఆ మాట పట్టించుకోలేదు. ఆయన చూపు బేకరీ ఆయన మీదే ఉంది. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తన కథకి ఇంతకు ముందెప్పుడూ ఎవరి కళ్ళలోనూ నీళ్ళు రాలేదు. బాబాయ్‌కి ఒక్క క్షణం గర్వంగా అనిపించింది.

"బాబాయ్," అన్నాడు బేకరీ ఆయన. గొంతు బాగా తగ్గించి, బావమరిదికి వినపడకుండా ఉండాలన్నట్టు దగ్గరికి వంగాడు. "ఆ తర్వాత మళ్ళీ రాలేదా మీకు?"

"ఏంటి?"

"ఆ మొద్దుబారడం. ఒంటేలు రాకపోవడం. ఒక్కసారి విరిస్తే పూర్తిగా తగ్గిపోయిందా? నాకు నిన్న రాత్రి నుంచి సరిగ్గా మీరు చెప్పినట్టే ఉంది. అచ్చం అలాగే. నొప్పి కూడా మీరన్నట్టే పోయింది. ఇంట్లో చెప్పలేదు. ఆడ డాక్టరుకి ఎలా చెప్పాలా అని పొద్దున్నుంచీ చస్తున్నాను. మీకు ఏమీ అడక్కుండానే విరిచేసిందన్నారు కదా, అయితే నేనూ చెప్పక్కర్లేదు కదూ?"

బాబాయ్‌కి ముందు అది హాస్యంలా వినపడింది. తన మీదికే కోత కోస్తున్నాడేమో అనుకుని అతని మొహంలోకి చూశాడు. తర్వాత కిందికి చూశాడు. అతని కుడికాలికి చెప్పుంది. ఎడమకాలికి లేదు. వెనక్కి తిరిగి చూస్తే, ఆ చెప్పు మరుగుదొడ్డి గోడ దగ్గర దుమ్ములో పడి ఉంది. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఒట్టికాలితో ఎండలో కాలిన సిమెంటు మీద నడిచొచ్చాడు.

"అబ్బాయ్, నీ చెప్పేది?"

బేకరీ ఆయన కాళ్ళకేసి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఇందాక ఉందే," అన్నాడు.

బావమరిది గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

ఇలా ఎవరైనా నిలదీస్తే తప్పించుకోవడానికి బాబాయ్ దగ్గర మాటలకి కొదవలేదు. ఆవిడనే అడుగుదాం పద, అనొచ్చు. నా ఒళ్ళు వేరు, నీ ఒళ్ళు వేరు, అనొచ్చు. అలా అంటే మాట పోదు, కథా పోదు. కానీ అతను లోపలికెళ్ళి అడిగిన వాటికి తల అడ్డంగా ఊపి, ఏమీ లేదు డాక్టరమ్మా ఉత్త నడుం నొప్పే అని బల్లెక్కి పడుకుంటే?

"అబద్ధం," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అబద్ధం అబ్బాయ్. నాకు కాళ్ళు పోలేదు, ఒంటేలు ఆగలేదు. ఎవరూ మొయ్యలేదు. అంతా కోతే. అవి ఎవరో ఆసుపత్రిలో చెప్పుకుంటుంటే విని, కథ రక్తి కట్టాలని కలిపాను. నువ్వు కూర్చో. వద్దు, కూర్చోకు, పడుకో. ఇదిగో, ఈ బెంచీ మీద పడుకో."

"తగ్గలేదా మీకు?" అన్నాడు బేకరీ ఆయన. ఇంకా అక్కడే ఉన్నాడు.

"నాకు రానేలేదయ్యా!"

దర్జీ ఆవిడ లేచి నిలబడింది. మెడ సంగతి మర్చిపోయింది. "నిలబడి మాట్లాడుకుంటారేంటి, డాక్టరమ్మని పిలవండి ముందు," అంది.

క్లినిక్ వెనక గదిలో డాక్టరమ్మ భోంచేస్తోంది. బాబాయ్ వెనక తలుపు దబదబా బాదాడు. ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే తలుపు తీసింది. "డాక్టరమ్మా, ఒకాయనకి కూర్చునే చోటు మొద్దుబారిందట. నిన్న రాత్రి నుంచి ఒంటేలు రావట్లేదట. రెండు కాళ్ళూ..." ఆవిడ పూర్తిగా వినకుండానే కుళాయి తిప్పింది.

తలుపులు తీసి, బాబాయ్, బావమరిది చెరోపక్కా పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి బావమరిదిని పరదా బయటికి పంపింది. బాబాయ్ పరదాకి ఇవతల నిలబడ్డాడు. ఆవిడ అడగడం, అతను ముక్కలు ముక్కలుగా చెప్పడం వినపడుతోంది. తొడల లోపలివైపు దూదితో రాస్తే తెలుస్తోందా? తెలియట్లేదు. పాదాలతో నా చేతిని నెట్టండి. ఇంకా గట్టిగా. అంతేనా? దొడ్డికి వెళ్ళేటప్పుడు తెలుస్తోందా? మళ్ళీ మెల్లగా అడిగింది. అప్పుడు చెప్పాడు.

ఆవిడ బయటికొచ్చి ముందు అంబులెన్సుకి ఫోన్ చేసింది. తర్వాత ఆసుపత్రికి చేసి, వెన్ను ఆపరేషన్లు చేసే డాక్టరే కావాలని గట్టిగా చెప్పింది. తిరిగి లోపలికెళ్ళి అతని పక్కన నిలబడింది.

"వెన్ను చివర నరాల గుత్తి ఉంటుంది. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి దాని మీద పడి నొక్కేస్తున్నట్టుంది. స్కాన్ తీసి ఖాయం చేస్తారు. ఈ రోజే ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. ఇది నేను చెయ్యి వేసే జబ్బు కాదు."

"ఒక్కసారి విరిచి చూడండి డాక్టరమ్మా," అన్నాడు బేకరీ ఆయన. అంత దిట్టమైన మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఒకే ఒక్కసారి. ఆపరేషన్ అంటే బేకరీ ఎవరు చూస్తారు? బాబాయ్‌కి మీరు ఒక్క విరుపుతో..."

డాక్టరమ్మ పరదా పక్కకి జరిపి బాబాయ్ మొహంలోకి చూసింది. ఆయన తన గురించి ఏమేం చెబుతాడో ఆవిడకి తెలియంది కాదు.

బాబాయ్ లోపలికొచ్చి బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను వచ్చిన మొదటిరోజు ఈవిడ నన్ను విరవనే లేదయ్యా. ఏమేం మందులు వాడుతున్నావు, ఎప్పుడైనా పడ్డావా, జ్వరం వస్తోందా, బరువు తగ్గావా, కాళ్ళలో తిమ్మిరుందా అని అడిగింది. విసుగొచ్చేంత అడిగింది. వంగమంది, లెమ్మంది, మోకాలి మీద సుత్తితో కొట్టింది. రెండోసారి వస్తే చేసింది. చిన్న టిక్‌మంది, అంతే. మర్నాడంతా ఒళ్ళు నొప్పులు. వారాల తరబడి ఇంట్లో వ్యాయామం చేస్తే తగ్గింది. కొంత దానంతటదే తగ్గేదని ఈవిడే చెప్పింది నాతో. ఇదీ జరిగింది. ఇందులో చెప్పుకోవడానికేముంది? ఎవరు వింటారు? అందుకని..."

బేకరీ ఆయన బాబాయ్ వంక చూసి, కళ్ళు మూసుకుని, తల మెల్లగా ఊపాడు.

"బావా, నాకైనా చెప్పకూడదా?" అన్నాడు బావమరిది. అతని గొంతులో కోపం, ఏడుపు కలిసిపోయాయి.

"నీకు చెబితే నవ్వుతావు," అన్నాడు బేకరీ ఆయన కళ్ళు తెరవకుండానే.

అంబులెన్సు వచ్చింది. బావమరిది వెనకాల ఎక్కాడు. అది వీధి మలుపు తిరిగేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారు.

డాక్టరమ్మ దర్జీ ఆవిడ వైపు తిరిగింది. "మీరూ వెళ్ళిపోతారా?"

"భయంగా ఉంది," అందావిడ నిజాయితీగా.

"భయం ఉండటమే మంచిది. లోపలికి రండి, ఇవాళ మాట్లాడుకుందాం. ఆ శబ్దం ఎముకలది కాదు, కీలులో గాలి బుడగల్లాంటివి ఏర్పడితే వచ్చేది. అది రాకపోయినా నష్టం లేదు. మెడ తిప్పకుండా చేసే పద్ధతులూ ఉన్నాయి. మెడ మీద చేసేదానికి అరుదుగా పెద్ద ప్రమాదం జరగొచ్చు, అదేంటో ముందే చెబుతాను. విన్నాక వద్దంటే వద్దు. కానీ మీరు నా దగ్గర ఏదీ దాచకూడదు. కళ్ళు తిరగడం, తలనొప్పి, మీరు వేసుకునే మాత్రలు, అన్నీ చెప్పాలి. నాకు చేతకానిదైతే నేనే వేరే డాక్టర్ దగ్గరికి పంపిస్తాను."

దర్జీ ఆవిడ లోపలికెళ్ళింది. డాక్టరమ్మ గుమ్మంలో ఆగింది.

"మీరు నా గురించి ఏం చెబుతారో వింటూనే ఉన్నానండీ. పోనీలే, భయపడేవాళ్ళకి ధైర్యం వస్తోంది కదా అనుకున్నాను. జనం కూడా పెరిగారు. నేనూ ఆపలేదు," అంది. తలుపు దగ్గరికి వేసింది.

బాబాయ్ వెళ్ళి మరుగుదొడ్డి గోడ దగ్గర పడి ఉన్న చెప్పు తీశాడు. దుమ్ము దులిపాడు. ఏం చెయ్యాలో తెలియక చేత్తో పట్టుకునే ఇంటికెళ్ళాడు. ఆ రాత్రి ఆయన భార్య, ఏంటండీ అలా ఉన్నారు అని అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ గిన్నెలు సర్దడానికి లేవలేదు. చివరిదాకా విని, "రేపు ఆసుపత్రికి వెళ్ళి రండి," అంది.

మర్నాడు వెళ్ళలేకపోయాడు. ఆ మర్నాడూ వెళ్ళలేకపోయాడు. అంబులెన్సులో వెళ్ళిన సాయంత్రమే ఆపరేషన్ చేశారని టీ కొట్టావిడ ద్వారా తెలిసింది. ఇంకో రెండు రోజులకి ధైర్యం చేసి వెళ్ళాడు.

వార్డు బయట బేకరీ ఆయన భార్య ఎదురొచ్చింది. వచ్చింది ఎవరో తమ్ముడు చెప్పగానే ఆవిడ రెండు చేతులూ జోడించింది. "మీరేనా బాబాయ్ గారూ? మా తమ్ముడు అంతా చెప్పాడు. మా ఆయన్ని చూసీ చూడగానే మీరు జబ్బు కనిపెట్టేశారంటగా. డాక్టర్లు కూడా ఇంకో పూట ఆగితే కష్టమయ్యేదన్నారు. మీరే లేకపోతే..."

బాబాయ్ బావమరిది వైపు చూశాడు. అతను మొహం తిప్పుకున్నాడు. ఆ కథ బాగుంది. అక్కడున్న అందరికీ బాగుంది. ఊఁ అంటే చాలు, పక్క మంచాల వాళ్ళు కూడా చేతులు జోడిస్తారు.

"లేదమ్మా," అన్నాడు బాబాయ్. "నేనేం కనిపెట్టలేదు. నేను ఉత్త కోతలు కోస్తున్నాను. మీ ఆయన నమ్మాడు. ఏమీ చెప్పకుండానే విరిపించుకుందామనుకున్నాడు. అతను ఆ ఒక్క మాట అడిగాడు కాబట్టి తెలిసింది."

ఆవిడ చేతులు కిందికి దిగిపోయాయి. "అడక్కుండా లోపలికెళ్ళి ఉంటే?"

ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది.

బేకరీ ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. మంచం పక్కన మూత్రం సంచి ఇంకా వేలాడుతోంది. కాళ్ళలో కొంత బలం వచ్చిందట. మిగతాది ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారట. రోజూ కిటికీ దాకా నడవమన్నారట.

"బాబాయ్, వచ్చారా. భుజం ఇవ్వండి. ఈవిడ పట్టుకుంటే ఈవిడే పడిపోయేలా ఉంది."

బాబాయ్ భుజం ఇచ్చాడు. అతని బరువంతా మీద పడింది. భార్య సంచి పట్టుకుని పక్కనే నడిచింది. అడుగులో అడుగు వేసుకుంటూ కిటికీ వైపు కదిలారు. సగం దూరం వెళ్ళాక బేకరీ ఆయన ఆయాసంతో ఆగాడు.

"ఏంటి బాబాయ్, నోరు మెదపరేంటి?"

"నీ కాళ్ళెలా ఉన్నాయో చెప్పు."

"బానే ఉన్నాయి."

"బానే కాదు. ఎలా ఉన్నాయో చెప్పు."

బేకరీ ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. అతను కిందికి చూసుకుని, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "కుడికాలికి నేల చల్లగా తెలుస్తోంది. ఎడమ మడమ ఉందో లేదో తెలీట్లేదు. వేళ్ళ దగ్గర మాత్రం చీమలు పాకుతున్నట్టుంది. కూర్చునే చోటు ఇంకా సగమే తెలుస్తోంది. రాత్రుళ్ళు అది తలుచుకుంటే భయమేస్తోంది."

"ఊఁ," అన్నాడు బాబాయ్, అతని నడుం చుట్టూ చెయ్యి సర్దుకుంటూ. "ఇంకా?"